మూడో రోజు తీసిన మూత

ఇది రాసిపెట్టాలని నిన్ననే అనిపించింది. మా శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ గారు ఒకావిడని నా దగ్గరికి పంపి, "ఈవిడ చేసి చూశారండీ, అడగండి" అన్నారు. వచ్చినావిడ చేతిలో వంటింటి చెత్తని బకెట్లో పులియబెట్టి ఎరువు చేసుకునే పుస్తకం ఉంది. నేను చదివింది ఏడో తరగతే అయినా, ఆ బీరువాలో నేను చదవని వ్యవసాయం పుస్తకం లేదని నాకు కాస్త గర్వం. గబగబా చెప్పబోయి ఆగిపోయాను. ఆ పుస్తకంలో కొలతలతో సహా అన్నీ ఉన్నాయి గానీ, ఇంట్లో పెద్దవాళ్ళకి ముందుగా చెప్పమని లేదు. ఆ ఒక్క ముక్క లేకపోవడం వల్ల మాకేం జరిగిందో నిలబడి చెప్పే విషయం కాదు. అందుకే కాగితం తీశాను.

అప్పుడు మేం రాజమండ్రిలో ఒక కిరాణా కొట్టు మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన కడియం నుంచి మొక్కల లారీ తోలుకుపోతే పదిహేను రోజులకి గానీ తిరిగొచ్చేవారు కాదు. ఇంట్లో నేను, మా అత్తగారు. ఆవిడకి వారానికి మూడుసార్లు డయాలసిస్. అయ్యాక కళ్ళు తిరిగేవి, బండి ఎక్కితే వాంతి. ఆస్పత్రి గేటు మా మెట్ల మీంచి కనపడేది కాబట్టి నా భుజం పట్టుకుని నడిచి వచ్చేసేవారు. ఆ రెండు గదులు మాకు ఇల్లు కాదు, ఆవిడ ప్రాణం. చిక్కల్లా చెత్త బండితోనే. అది వచ్చేది రోజు విడిచి రోజు, సరిగ్గా ఆ వేళకి మేం ఆస్పత్రిలో ఉండేవాళ్ళం. తొక్కలూ మిగిలిన అన్నమూ మూలన మురిగేవి. కింద కొట్టు పెట్టుకున్న ఇంటి ఓనరు, "అమ్మా, పప్పులు కొనేవాళ్ళు ముక్కు మూసుకుని బేరమాడుతున్నారు" అని ఒకసారి నవ్వుతూ, ఇంకోసారి నవ్వకుండా చెప్పారు.

లైబ్రరీలో ఆ పుస్తకం దొరికింది అప్పుడే. గాలి చొరకుండా మూత బిగిస్తే కంపు రాదని రాసుంది. తవుడులో బెల్లం నీళ్ళు, పెరుగు మీద తేరిన నీళ్ళు కలిపి, ముద్ద చేసి, పులిశాక నీడన ఆరబెట్టాను. అడుగున కుళాయి ఉన్న బకెట్లో ఒక వరస తొక్కలు, ఒక వరస తవుడు, పళ్ళెంతో గట్టిగా అదిమి నింపాను. మూత బిగించాక పద్నాలుగు రోజులు ఆగాలి. పైన తెల్లటి బూజు పట్టిందంటే బాగా కుదిరినట్టు. ఇవన్నీ నా బుర్రలో ఉన్నాయి, అత్తగారికి చెప్పలేదు. మంచం మీంచి ఆవిడ, "ఏంటే అది, పచ్చడి జాడీలా కట్టిపెట్టావు?" అంటే, హడావిడిలో "అలాంటిదే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ ఆవకాయ చేతికి మా వైపు పేరు. కొత్త జాడీ పెడితే చుట్టాలు కబురు పెట్టి మరీ పిలిపించుకునేవారు. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాక రెండేళ్ళుగా ఆ చేతికి పని లేదు.

వారం తిరిగేసరికి కుళ్ళిన గుడ్డు వాసన మొదలైంది. మూత మీద మూత బిగించాను, గుడ్డ చుట్టాను. మర్నాడు అడుగు కుళాయి కారి, నల్లటి నీళ్ళు మెట్ల మీదుగా కొట్లోకి, పంచదార బస్తా దగ్గరికి పోయాయి. ఓనరు పైకి వచ్చి, కేకలెయ్యకుండానే, "పది రోజుల్లో ఖాళీ చెయ్యండమ్మా" అనేసి దిగిపోయారు. ఆయన కేకలేసినా బాగుండేది.

ఆయన వెళ్ళాక అత్తగారు గోడ వైపు తిరిగి చెప్పారు. "మూడో రోజు మూత తీసి తిరగేశానే. తిరగెయ్యకపోతే ఎలా? పైన తెల్లగా బూజు కట్టింది, గరిటెతో తీసి పారేశాను. ఉప్పు చాల్లేదేమోనని రెండు గుప్పిళ్ళు వేశాను. చెయ్యి తడి లేకుండా తుడుచుకునే వేశానే." ఈ బకెట్‌కి గాలి తగలకూడదు, ఉప్పు పడకూడదు, బూజు ఉండాలి. ఆవకాయకి ఏవేం చెయ్యాలో అన్నీ చేశారు, శ్రద్ధగా.

పాడైన బకెట్‌ని వీధి చివరిదాకా ఎదురు మోసుకెళ్ళి చెత్త బండికి ఎత్తి, మిగిలిన తవుడుతో రెండోది మొదలుపెట్టాను. పక్కిళ్ళ తొక్కలు అడుక్కొచ్చి ఒక్క పూటలో నింపేసి, కొట్టు దగ్గరికి దిగాను. "పద్నాలుగు రోజులు ఇవ్వండి బాబాయ్ గారూ, మీ ఎదురుగానే మూత తీస్తాను. వాసనొస్తే ఆ క్షణమే వెళ్ళిపోతాం." ఆయన త్రాసు కేసి చూస్తూ, "వేరేవాళ్ళకి మాట ఇచ్చేశానమ్మా. చదువుకున్నదానివి, నువ్వే అర్థం చేసుకోవాలి" అన్నారు. నన్ను చదువుకున్నదానివని అన్న మొదటి మనిషి ఆయనే.

పదో రోజున, ఆస్పత్రికి దూరంగా కడియం రోడ్డులో దొరికిన ఇంటికి ఆటోలో వెళ్ళాం. బకెట్ నా మోకాళ్ళ మధ్య, అత్తగారు నా భుజం మీద. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ మూత మీద చెయ్యేసి పట్టుకున్నారు. పద్నాలుగో రోజున తీశాను. పైనంతా తెల్లటి బూజు, పులిసిన మజ్జిగలాంటి వాసన, అంతే. ఆవిడ చాలాసేపు వంగి చూసి, "నేను ముట్టుకోకపోతే అదీ ఇలాగే ఉండేదా?" అని అడిగారు. "లేదత్తయ్యా, ఆ తవుడే మంచిది కాదు, ఎలాగైనా పాడయ్యేది" అన్నాను. రెండిటికీ వేసింది ఒకటే తవుడు. చదివినదానికి వ్యతిరేకంగా నేను చెప్పిన ఒకే ఒక్క మాట అది. ఆవిడ నమ్మారో లేదో తెలీదు, "పోన్లే" అన్నారు.

వానలు పట్టాక రెండుసార్లు ఆటో దొరక్క డయాలసిస్ తప్పింది. దసరా చూడకుండానే ఆవిడ వెళ్ళిపోయారు.

ఆస్పత్రి మెట్ల మీద ఆవిడ నుదురు తుడిచిన నర్సమ్మకీ, వానలో కూడా రెండుమూడుసార్లు వచ్చిన ఆటో అన్నయ్యకీ, గడువు దాటిన పుస్తకాన్ని అడగకుండా నా దగ్గరే ఉండనిచ్చిన లైబ్రేరియన్ గారికీ, తొక్కలు దాచి ఇచ్చిన పక్కింటి వదినకీ నమస్కారాలు. పేర్లు రాస్తే వాళ్ళు మొహమాటపడతారు. ఆవిడ పోయి రెండు వానాకాలాలు దాటాయి. పదికీ పద్నాలుగుకీ మధ్య ఉన్న ఆ నాలుగు రోజులే నాకింకా దాటలేదు.