ఎదురు రాని అత్త

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున ధర్మవరంలో నేను పాఠం చెబుతుండగా టెలిగ్రాం వచ్చింది. నాయనకు అక్క. పెద్ద వయసే. పిల్లలకు లెక్క ఇచ్చి, సెలవు అడిగి, హిందూపురం బస్సెక్కాను.

పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. ఇంట్లో ఎవరు ఏ పనిమీద బయలుదేరుతున్నా ఆమె వెనక గదిలోకి వెళ్లిపోయేది. భర్త లేని ఆడది ఎదురొస్తే పని చెడుతుందని కదా మన లోకజ్ఞానం. ఎవరూ పొమ్మనేవారు కాదు, ఆ అవసరం ఆమె రానిచ్చేది కాదు. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడితే చాలు, చేతిలో చేట ఉంటే చేటతోనే లోపలికి. కాసేపాగి "పోయినారా?" అని అడిగి బయటికి వచ్చి, మళ్లీ శనక్కాయలు ఒలుచుకునేది. ఆచారాలను ఆమె తిట్టగా నేను వినలేదు. వాటిలో సందు ఎక్కడుందో మాత్రం ఆమెకు బాగా తెలుసు.

యాభైల చివర్లో సంగతి. నేను బి.ఏ. పాసయ్యాను. ఆడపిల్లనైనా తిరుపతిలో యూనివర్సిటీకి పోయి పైచదువు చదవాలని నా పట్టు. నాయన అవుననలేదు, కాదనలేదు. "ముందు పోయి చూసొద్దాం" అన్నాడు. ఆయన చూసొద్దామన్న పనులు చాలావరకు చూడటంతోనే ఆగిపోయేవి. బాడుగకు కారు మాట్లాడాక, బయలుదేరే ముందురోజు ఆయనకు ఒక అనుమానం వచ్చింది. నాయన, అమ్మ, నేను, వెరసి ముగ్గురం. మంచి పనికి ముగ్గురు పోకూడదు.

"నాలుగో మనిషి లేకుండా ఎట్ల పోయేది? వచ్చే నెల చూద్దాం" అన్నాడు. గొంతులో కొంచెం ఊరట కూడా ఉంది. వచ్చే నెలకు చేరే గడువు దాటిపోతుంది.

"నేనొస్తా" అంది అత్త వంటింట్లోంచి.

అమ్మ నసిగింది. "బయలుదేరేటప్పుడు నువ్వెట్ల వదినా..."

"మీకంటే ముందే పోయి కారులో కూచుంటా. కూచున్నోళ్లు ఎదురొచ్చినట్ల కాదులే."

తెల్లారి మేం గడప దాటేసరికి వెనక సీటు మూలలో, ముఖం అవతలికి తిప్పుకుని కూర్చుని ఉంది. ఒళ్లో చిత్రాన్నం మూట.

పెనుకొండ దగ్గర కారు వేడెక్కి ఆగింది. డ్రైవరు నీళ్లు పోస్తుంటే చూస్తున్న అమ్మకు ఉన్నట్టుండి వెలిగింది. "డ్రైవరును కలుపుకుంటే మనం ముందే నలుగురం కదా!"

నాయన వేళ్లు మడిచి చూసుకున్నాడు. "ఔనే! ఎంచుకోనేలేదు చూడు. నువ్వు రాకున్నా సరిపోయేది కదక్కా."

"నేను నిన్ననే ఎంచుకుంటిలేప్పా" అంది అత్త, విస్తరాకులో చిత్రాన్నం పెడుతూ. "తిను."

అసలు గండం ధర్మవరంలో ఉంది. అక్కడ నాయనకు మేనమామ ఉండేవాడు. ఆయన్ను అడగకుండా నాయన ఏ పనీ చేసేవాడు కాదు. అత్త కారు దిగలేదు. మేం లోపలికి పోయాం. పెద్దాయన మగ్గం మీదనుంచి లేవకుండానే విని, "ఆడబిడ్డను అంత దూరం పంపిచ్చి ఏం సాధిస్తావప్పా? తిరుక్కో" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన చేయి కూడా ఆగలేదు. నాయన బయటికొచ్చి, "ఇంటికి పోదాం పదండి" అన్నాడు.

అత్త నా చదువు ఊసే ఎత్తలేదు.

"మీరు బస్సుకు పోండప్పా. నేను మాత్రం ఆ యూనివర్సిటీ యాడుండాదో చూసే వస్తా. నన్ను మళ్లా కారులో కూచోబెట్టేదెవురు? ఇన్నేండ్లలో నిన్ను ఒకటన్నా అడిగినానా?"

అడగలేదు. అది నాయనకూ తెలుసు. ముందు సీట్లో కూర్చుని, "కదిరి దోవ పట్టు" అన్నాడు డ్రైవరుతో.

తిరుపతిలో ఆమె చదువుల గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. ఆడపిల్లల హాస్టలు గదిలో గడియ వేసి, తీసి చూసింది. కొళాయి నీళ్లు దోసిట పట్టి తాగింది. "గడియ గట్టిగుండాది. నీళ్లు తియ్యగుండాయి. ఇంకేం కావల్లప్పా?" అంది. నాయన దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. నేను చేరాను. ఇవాళ నేను తింటున్న అన్నం ఆమె పెట్టిందే. ఆ మాట ఆమెతో అంటే, "నేను కారెక్కుదామని వచ్చింటి" అనేది.

చేరడానికి పెట్టె పట్టుకుని బయలుదేరిన రోజు, "నువ్వే ఎదురు రా అత్తా" అని పిలిచాను. "నీ చదువు మీదనా పరీక్ష చేసేది? వద్దులే తల్లీ" అని వెనక గదిలోకే పోయింది.

మొన్న బస్సు పెనుకొండలో చాలాసేపు ఆగిపోయింది. హిందూపురంలో దిగి మా వీధి మలుపు తిరిగేసరికి అప్పటికే పాడె లేచింది. ఏ పనిమీద పోతున్నాడో, ఒక ముసలాయన సైకిలు ఆపి, చెప్పులు విడిచి నా పక్కన నిలబడి దండం పెట్టాడు.

"శవం ఎదురొచ్చింది. మంచి శకునం. పోయిన పని అయితాది" అన్నాడు తనలో తాను.

నేను పక్కకు తప్పుకోలేదు. డప్పుల వెనక, నడివీధిలో, ముఖాన ఎండ పడుతుండగా, అత్త మాకు ఎదురొస్తోంది.