తొమ్మిదో గది డ్యూటీ

మా వరండా గోడకు ఒక నల్లబోర్డు ఉంది. ప్రతి శనివారం సాయంత్రం దాని మీద వచ్చే వారం డ్యూటీలు రాసేది నేనే.

పాల్వంచ దాటి అడవి వైపు కొంత దూరం వస్తే, టేకుచెట్ల పక్కన మా పెద్దవాళ్ళ నివాసం కనిపిస్తుంది. వరుసగా పన్నెండు గదులు, అందరికీ ఒకటే వంటిల్లు, ఒకటే వరండా. ఇక్కడుండే మగవాళ్ళలో ఎక్కువమంది పవర్ స్టేషన్‌లో షిఫ్టులు చేసి రిటైరైనవాళ్ళు. నేను టేకులపల్లి దగ్గరి గూడెం నుంచి వంటమనిషిగా వచ్చాను. మోకాళ్ళు మొరాయించాక వంట వేరే ఆమెకు అప్పగించి, ఒకటో గదిలో ఉండిపోయాను.

అరవై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. నాలుగో గది టీచరమ్మ నేర్పింది. మిషన్ బడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మనిషి. పలక కొననివ్వలేదు. వంటింటి డబ్బాల మీద సుద్దముక్కతో రాయించేది. నేను మొదట రాసిన మాట ‘ఉప్పు’. కొత్త వంటామె నా రాత చూసుకుని తడుముకోకుండా పోపు వేసిన రోజున, నాకు అన్నం తినకుండానే కడుపు నిండింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. షిఫ్టు మనుషులు తెచ్చిపెట్టింది. తమ తరువాతి మనిషి, అంటే రిలీవర్, వచ్చి ఎదురుగా నిలబడేదాకా వాళ్ళు సీటు వదిలేవారు కాదట. మేమూ అంతే. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే రెండేసి గంటల చొప్పున ఒకరి తరువాత ఒకరం పక్కన కూర్చుంటాం. రిలీవర్ రాకుండా లేవం. మందులివ్వడానికి నర్సు వస్తుంది. మా పని మందు కాదు, మాట. అందుకే ఇక్కడ జ్వరం వచ్చినవాళ్ళకు జ్వరమే ఉంటుంది, దిగులుండదు. బోర్డు మీద పేర్లు రాయం, గది నంబర్లే.

ఈ ఏడు ఎండలు ముదిరే ముందు తొమ్మిదో గదికి ఒకామె వచ్చింది. చండ్రుగొండ వైపు మిరప చేలల్లో పెరిగిన మనిషి. భర్త పోయాక పాల్వంచలో ఒక కిరాయి రూములో ఒక్కతే ఉండేది. తమ్ముడు తెచ్చి దింపాడు. అప్పట్లో మాకొక నియమం ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళకు నెల రోజులు ఏ డ్యూటీ వేయకూడదు. చుట్టపు మర్యాద. ఆమెను కూరగాయలు ముట్టనివ్వలేదు, పళ్ళెం కడగనివ్వలేదు.

“మీరు కూసోండి వదినె, మేం జూసుకుంటం” అన్నాం అందరం.

ఆమె కూర్చుంది. మూడో రోజుకల్లా పళ్ళెం గదిలోకి పట్టుకెళ్ళి తినడం మొదలుపెట్టింది. రెండో వారంలో ఆమె ఫోన్లో తమ్ముడితో అంటుంటే విన్నాను.

“ఈ ఆదివారం గాదు, పై ఆదివారం ఒచ్చి నన్ను తీస్కపో తమ్మీ. ఆ కిరాయి రూమే నయం. ఆడ నా బోళ్ళన్న నేను తోముకునేదాన్ని.”

విన్నాను గానీ, ఆ మాటలో ఏముందో నాకు పట్టలేదు. మా తిండి సయించడం లేదేమో అనుకుని ఆ పూట పచ్చిపులుసు చేయించాను.

అదే వారంలో టీచరమ్మ స్నానాల గదిలో జారి పడింది. దవాఖానాలో కాలికి కట్టు కట్టి పంపారు. శనివారం నేను ఆమె దగ్గర కూర్చునే డ్యూటీలు బోర్డు మీద రాశాను. తొమ్మిదో గదిలో అంతకుముందు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన ఒకాయన ఉండేవాడు. చలికాలంలో చనిపోయాడు. మధ్యాహ్నం మూడు గంటల డ్యూటీ ఎప్పుడూ ఆయనదే. నా చెయ్యి అలవాటు కొద్దీ వారం పొడుగునా మూడింటి దగ్గర తొమ్మిది వేసుకుంటూ పోయింది. ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

సోమవారం ఒంటిగంట నుంచి మూడింటిదాకా నా డ్యూటీ. మూడు దాటింది.

“నీ రిలీవర్ ఏడే?” అంది టీచరమ్మ.

ఎవరా అని ఆలోచిస్తే తొమ్మిది గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

“తప్పు రాసిన టీచరమ్మా. పాత తొమ్మిదో గదాయన పోయిండు గద, ఆయనకే ఏసిన.”

“పోయినాయనకు డ్యూటీ ఏసినవా? ఆయన గిట్ట వస్తే, పోయేటప్పుడు నన్ను ఎంటబెట్టుకపోతడు. జర చూడు మరి.”

ఇద్దరం నవ్వుకున్నాం. రిలీవర్ లేనిదే నేను లేవలేను. అలా పావుగంట గడిచింది. అప్పుడు తొమ్మిదో గదామె గుమ్మంలో కనిపించింది. తల దువ్వుకుని, కొంగు నడుముకు దోపుకుని వచ్చింది.

“మూడింటికి నా నంబరున్నది. నాదేనా కాదా అని రెండుసార్లు బోర్డు కాడికి పోయి జూసొచ్చిన. లేటయిందా?”

పొరపాటైందని చెప్పబోయాను. దుప్పటి కింద నుంచి టీచరమ్మ నా మణికట్టు గిల్లింది. నేను లేచి నిలబడ్డాను.

“వచ్చిండ్రు గద వదినె, నేను డ్యూటీ దిగుత.”

గుమ్మం దాటుతుంటే వెనక టీచరమ్మ గొంతు వినిపించింది.

“నీకేం పనొచ్చు?”

“మిరప చేన్ల కలుపు తీసుడొచ్చు.”

“అయితే నా తల దువ్వు. ఇది గూడ చేను బీడుపడ్డట్టే ఉన్నది.”

అయిదింటికి ఆమె రిలీవర్ అక్కడికి వెళ్ళేసరికి ఆమె ఇంకా జడ అల్లుతూనే ఉందట. గురువారానికి ఆమె పళ్ళెం వరండాలోకి వచ్చింది. శుక్రవారం వంకాయలు పెద్ద ముక్కలుగా కోసినందుకు వంటామెను కోప్పడింది. ఆమె ఫోన్లో అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. కానీ ఆదివారం తమ్ముడు రావడం మాత్రం అలాగే ఉంది. వద్దని ఆమె చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

శనివారం సాయంత్రం సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. పదకొండో గదిలో షిఫ్టు ఇన్‌ఛార్జిగా చేసిన పెద్దమనిషి ఉంటాడు. ఆ నెల రోజుల నియమం పెట్టింది ఆయనే. నా వెనక కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

“నెల కాలే గదక్కా. పోయిన వారం పొరపాటయింది. ఇప్పుడు దిద్దుకో.”

ఆయన మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

“అన్నా, మర్యాద జేసి జేసి మనమే ఆమెను గదిల పెట్టి తలుపేసినం. పని లేకుంట కూసునేటోళ్ళు చుట్టాలు. చుట్టాలు ఎప్పటికైన పోయేటోళ్ళే.”

ఆయన కుర్చీ బోర్డు వైపు జరుపుకున్నాడు.

“రాయి మరి. సుద్దముక్క నీ చేతిల ఉన్నది.”

సోమవారం మూడింటి దగ్గర తొమ్మిది వేశాను. ఈసారి తెలిసి వేశాను.

ఆదివారం పొద్దున తమ్ముడు ఆటోలో దిగాడు. కళ్ళద్దాలు, జేబులో పెన్ను, ఉద్యోగం చేసే మనిషి. తొమ్మిదో గది తలుపు తెరిచే ఉంది. సంచీ సర్దిందో లేదో నేనున్న చోటికి కనబడలేదు. ఆమె బయటికొచ్చి తమ్ముడిని చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి తీసుకొచ్చింది.

“చదువు.”

“సోమవారం. నాలుగో గది దగ్గర, మూడు గంటలకు తొమ్మిది” అని అతను పైకి చదివాడు. ఎక్కడా ఆగలేదు, ఒక్క అక్షరం దగ్గర కళ్ళు చిట్లించలేదు.

“తొమ్మిదంటే నేనే. రిలీవర్ లేకుంట నీ ఎంట ఎట్ల వస్త?”

“మరి నన్నెందుకు రమ్మన్నవ్?”

“రూంల నా కత్తిపీట ఉన్నది, అది తెచ్చిపెట్టు. ఈడ కత్తి మొద్దుబారింది, వంకాయ తెగుతలేదు. ఆ రూం ఖాళీ జేస్తున్నమని గూడ ఓనరుకు చెప్పు.”

అతను తల గోక్కుని నవ్వాడు. ఆటో ఎక్కబోతూ మళ్ళీ బోర్డు వైపు చూశాడు.

“రాత మంచిగున్నది. ఎవరిదమ్మా?” అని నన్నే అడిగాడు.

నా చేతులకు ఇంకా సుద్ద ఉంది. కొంగు కింద దాచుకున్నాను.

“ఒకటో గదిది” అన్నాను.