మా అవ్వది ఐస్ హాకీ పార్టీ

కంట్లో శుక్లాలు తీయించుకుని ఇంటికి వచ్చిన రెండు వారాలకు మా అవ్వ మొదటిసారి ఐస్ హాకీ చూసింది. ఎండాకాలం, ఆదోనిలో మధ్యాహ్నం రెండు గంటలు. నేను ఎమ్మిగనూరులో జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మెట్టినిల్లూ పుట్టినిల్లూ ఒకే వీధిలో కాబట్టి సెలవుల్లో పగలంతా అవ్వ దగ్గరే ఉండేదాన్ని. ఆ రోజు మా అన్న టీవీలో ఏదో పాత ఫుట్‌బాల్ మ్యాచి పెట్టుకుని చూస్తూ, మా పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ నుంచి ఫోను వస్తే లేచి వెళ్ళిపోయాడు. ఆ మ్యాచి అయిపోయింది. టీవీ తనంతట తానే ఇంకో ఆట మొదలుపెట్టింది. తెల్లటి మంచు గచ్చు మీద, కాళ్ళకు ఇనుప బద్దలున్న బూట్లు తొడుక్కున్న మనుషులు చేతుల్లో వంపు కర్రలతో అటూ ఇటూ జారిపోతున్నారు.

కట్టేద్దామని నేను రిమోట్ తీశాను.

"ఉండనీ పాపా," అంది అవ్వ నల్ల కళ్ళద్దాలు సర్దుకుని. "ఆ నల్ల బిళ్ళ సూడు, ఎట్ల పోతాందో."

నాకు ఏ బిళ్ళా కనిపించలేదు. మనుషులు ఒకరినొకరు గుద్దుకోవడం కనిపిస్తోంది, అంతే. అవ్వ మాత్రం వేలు చూపిస్తూ పోయింది. "ఇప్పుడు ఆ మూలకు పోయె. ఆ పొడుగాయన కర్ర కింద ఉండాది. ఇదో, కొట్టినాడు." ఆమె అన్న మరుక్షణమే గోలు వెనక ఎర్ర దీపం వెలిగింది.

ఆమె ముఖంలో కనిపించిన సంతోషం నాకు అర్థమైంది. మా తాత ఉన్న రోజుల్లో పత్తి చూసేది అవ్వే. మార్కెట్ యార్డు నుంచి వచ్చిన బండిలోంచి గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య లాగి చూసి, పోగు పొడవెంతో తేమ ఎంతో చెప్పేది. ఆకు నలుసు ఉంటే ఆమె కంటికి తప్పేది కాదు. కళ్ళు మసకబారాక ఆమెను అడగడం అందరూ మానేశారు. ఆమె చెప్పడమూ మానేసింది. పదేళ్ళపాటు మనిషి గొంతును బట్టి ఎవరో పోల్చుకుంటూ బతికింది. అలాంటిది, నలభై ఏళ్ళు చిన్నదాన్నైన నాకు కూడా దొరకని బిళ్ళ ఆ మధ్యాహ్నం ఆమెకు దొరికింది.

మర్నాడు అదే వేళకు, "ఆ మంచాట పెట్టు," అంది. అలా మొదలైంది.

మా ఇల్లు ఫుట్‌బాల్ ఇల్లు. క్రికెట్ సంగతి సరే, అది అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. మా అన్న చిన్నప్పుడు మున్సిపల్ గ్రౌండులో బూట్లు లేకుండా ఫుట్‌బాల్ ఆడినవాడు. ఇప్పుడు మోకాలు సహకరించక, ఆడేవాళ్ళకు జెర్సీలు కొనిస్తాడు, ఏటా జరిగే టోర్నమెంటుకు నలుగురితో కలిసి పెద్దరికం చేస్తాడు. ప్రపంచకప్పు వచ్చినప్పుడు ఫ్యాక్టరీ ముందు పెద్ద తెర కట్టించాడు. హమాలీలు, ఆటోవాళ్ళు, కిరాణా కొట్టువాళ్ళు, పక్క వీధి మసీదు నుంచి పెద్దమనుషులు, అందరూ వచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ చూడని దేశాల పేర్లు చెప్పుకుని ఊగిపోయారు. అవ్వ మంచు ఆటకు మాత్రం జనం ఇద్దరే. ఒకరు అవ్వ. రెండో మనిషిని నేను, అదీ సగం నిద్రలో.

అన్న ఊరుకునేవాడు కాదు. "ఏమవ్వా, లోకమంతా సూసే ఆట ఇడిసిపెట్టి, ఎవరూ సూడని ఆట నీకెందుకు?"

"లోకం సూసేది లోకం సూస్తాంది గదరా. ఇది నేను సూస్తాండా."

"ఆడేటోళ్ళెవరో పేర్లన్నా తెలుసునా నీకు?"

"పేర్లెందుకు? ఆ నీలం గుడ్డలాయన ఎడమ చేత్తో కొడతాడు. అది తెలుసు."

ఆ ఏడాది కాలేజీ తెరిచాక, వస్తువుకు గిరాకీ ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది అనే పాఠం చెబుతూ, నాకు ఈ గొడవ గుర్తొచ్చి పిల్లల్ని అడిగాను. ఫుట్‌బాల్ మ్యాచి చూసినవాళ్ళు చేతులెత్తమంటే దాదాపు క్లాసంతా ఎత్తింది. ఐస్ హాకీ అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. ఎందుకిలా అని అడిగితే గోనెగండ్ల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచింది.

"ఫుట్‌బాల్‌కి బాలొకటి ఉంటే సాలు మేడం. అది గూడ లేకుంటే గుడ్డలు సుట్టుకోని ఆడుకోవచ్చు. మంచు యాడ్నుంచి తెస్తాం?"

పుస్తకంలో రెండు పేజీలున్న విషయం ఆ అమ్మాయి మూడు మాటల్లో చెప్పింది. సాయంత్రం అవ్వకు చెప్పాను. అవ్వ తల ఊపింది. "ఆ పిల్ల సెప్పింది నిజమే. కానీ ఆడేకి మంచు కావల్ల. సూసేకి కండ్లుంటే సాలు."

దసరాకు కొన్ని రోజుల ముందు మా ఫ్యాక్టరీలోకి పత్తిని నొక్కి బేళ్ళు కట్టే కొత్త ప్రెస్సు వచ్చింది. దాన్ని బిగించడానికి ఫిన్లాండ్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎర్రగా కందిపోయిన మెడ, మితమైన మాట. అన్న ఆయన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తీసుకొచ్చాడు. యూరప్ మనిషి దొరికాడు కదా, కడుపునిండా ఫుట్‌బాల్ మాట్లాడుకోవచ్చని అన్న ఆశ. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషులో నేను అడగాల్సినవి ముందే చెప్పిపెట్టాడు. ఇష్టమైన జట్టు ఏది, ఏ స్టేడియంలో మ్యాచి చూశావు, అలాంటివి. ఆయన మర్యాదగా నవ్వి, తనకు ఫుట్‌బాల్ అంతగా తెలియదన్నాడు. అన్న జొన్నరొట్టె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అంతలో లోపలి గదిలోంచి టీవీ చప్పుడు వినిపించింది. మంచు మీద ఇనుము గీరుకునే చప్పుడు, కర్రకు బిళ్ళ తగిలిన టక్కు. ఆయన తినడం ఆపేసి విన్నాడు. చెయ్యి కడుక్కుని, నా వైపు చూసి, లోపలికి వెళ్ళవచ్చా అని అడిగాడు. గుమ్మంలో నిలబడి అవ్వనూ టీవీనీ మార్చి మార్చి చూశాడు.

"పక్కకు జరుగప్పా, కనపడ్డంలేదు," అంది అవ్వ.

ఆమె ఏమందో ఆయనకు భాష రాకపోయినా తెలిసింది. వచ్చి చాప మీద కూర్చున్నాడు. కాసేపటికి అవ్వ ఉన్నట్టుండి చెయ్యెత్తి, "తప్పు," అంది. ఆ తరువాతే టీవీలో విజిలు మోగింది. ఆయన ఉలిక్కిపడి, ఆమెకు ఎలా తెలిసిందో అడగమన్నాడు.

"ఆ నీలం గీత ఉండాదే, దాన్ని బిళ్ళ ముందు దాటల్ల, మనిషి ఎనక దాటల్ల," అంది అవ్వ. "వాడు ముందే పోయి నిలబడినాడు. ఎవరూ సెప్పలే, సూసి సూసి తెలుసుకున్యా."

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆయన రెండు చేతులూ జోడించాడు. ఎవరు నేర్పారో ఆ నమస్కారం, కాస్త ఎత్తుగా, నుదుటి దగ్గర.

ఆ రోజు ఆయన మాట్లాడినంత మరెప్పుడూ మాట్లాడలేదు. తన ఊళ్ళో చలికాలం పొడుగు. చెరువు గడ్డకడుతుంది. నడక వచ్చిన ఏడాదికి పిల్లల కాళ్ళకు ఆ బూట్లు తొడుగుతారు. హాకీ ఉన్న రోజు ఊరంతా మంచు గచ్చు ఉన్న హాల్లోనే ఉంటుంది. ఫుట్‌బాల్ ఆడే పిల్లలున్నా, చూడడానికి వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు, అంతే. అన్న ఇది నమ్మలేనట్టు విన్నాడు. "కానీ మా దేశం దాటి రెండు విమానాలు ఎక్కితే మా ఆట ఎవరికీ తెలియదు," అన్నాడు ఆయన. "ఎక్కడికి వెళ్ళినా వాళ్ళ ఫుట్‌బాల్ గురించి నేను వినాలి. నా ఆట ఏమిటో మొదటి నుంచి నేను చెప్పాలి. చెప్పనక్కర్లేని ఇల్లు ఇదే మొదటిది."

నేను తెలుగులో చెప్పగానే అవ్వ నా వైపు తిరిగింది. "దేవరగట్టు కర్రల సమరం సంగతి సెప్పు పాపా ఆయనకు. దసరా దేశమంతా సేస్తాది. కర్రలు పట్టుకోని కొండకు పోయి దేవుని కోసం కొట్లాడేది ఆ సుట్టుపక్కల ఊర్లోళ్ళే. మంది తక్కువని వాళ్ళకేమన్నా పట్టింపు ఉండాదా?"

ప్రెస్సు బిగించినన్నాళ్ళూ ఆయన మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే వచ్చాడు. తిని అరగంట అవ్వతో మ్యాచి చూసి వెళ్ళేవాడు. ఒకసారి ఆఖరున, అప్పటిదాకా కుమ్ముకున్న రెండు జట్లూ ఎదురెదురు వరసల్లో జారుకుంటూ వచ్చి ఒక్కొక్కరితోనూ చెయ్యి కలపడం చూసి, అదేమిటని అవ్వ అడిగింది. ఎంత కొట్టుకున్నా ఆఖరి మ్యాచి తరువాత అలా చెయ్యడం మా ఆటలో ఆనవాయితీ అని ఆయన చెప్పాడు.

అన్న పెద్దరికం చేసే ఫుట్‌బాల్ టోర్నమెంటు ఫైనల్ ఆ వారంలోనే వచ్చింది. ఆదోని జట్టుకూ ఎమ్మిగనూరు జట్టుకూ. వస్తానన్న ముఖ్య అతిథి ఆ ఉదయమే రాలేనని కబురు పంపాడు. విదేశీ మనిషి ఉన్నాడు కదా అని అన్న ఇంజనీరును అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపి, "నాకు అర్హత లేదు. ఆమెను పిలవండి, ఆమెకు ఆట చూడడం వచ్చు," అని అవ్వను చూపించాడు.

మా ఇంటి ఆడవాళ్ళెవరూ అప్పటిదాకా ఆ గ్రౌండులో అడుగుపెట్టలేదు. అన్న చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. చివరికి వచ్చి అవ్వ మంచం పక్కన కూర్చున్నాడు. "వస్తావా అవ్వా?"

"వస్తా. ముందర కూసోబెట్టు."

జరీ అంచు చీర కట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, అవ్వ మొదటి వరసలో కూర్చుంది. గ్రౌండు నిండా జనం, గోడల మీద కూడా. ఆట మొదటి నుంచీ వేడిగానే నడిచింది. ఆదోని ఒక గోలు వేసింది. కాసేపట్లో ముగుస్తుందనగా ఎమ్మిగనూరువాళ్ళు వేసిన గోలు రెఫరీ ఒప్పుకోలేదు. తోపులాట మొదలైంది. ఎవరో ఎవరి చొక్కానో చింపారు. ఎలాగో ఆట పూర్తయింది గానీ, ఎమ్మిగనూరు పిల్లలు బహుమతి మాకొద్దంటూ వ్యాను వైపు నడిచారు. గోడల మీదివాళ్ళు ఈలలు వేశారు. మా అన్న చేతులెత్తి అరుస్తున్నా ఎవరూ వినడం లేదు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని లేచింది. "మైకు ఇట్ల ఇప్పియ్యి."

నాకు భయమేసింది. ఎనభై దాటిన మనిషి, జీవితంలో మైకు పట్టుకోలేదు. ఆ గొంతు ఆ గోలలో ఏం వినపడుతుంది అనుకున్నాను.

"అప్పా, ఎమ్మిగనూరోళ్ళు కొంచెం నిలబడండప్పా," అంది. ముసలిదాని గొంతు మైకులో వచ్చేసరికి జనం తిరిగి చూశారు. "మీ ఆట నాకు శానా తెలీదు. నేను సూసేది వేరే ఆట. మంచు మీద ఆడతారు. ఈ ఊర్లో దాన్ని సూసేది నేనొక్కదాన్నే. ఆడ కర్రలు తగిలి పండ్లు రాలతాయి, నెత్తురు కారతాది. అయినా అంతా అయినంక ఒకరెదురుగా ఒకరు వరసగా వచ్చి, ఒక్కొక్కనితోనూ సెయ్యి కలిపి పోతారు. నేనొక్కదాన్ని సూసే ఆటలోనే అంత మర్యాద ఉండాదే. ఇంతమంది సూసే ఆట మీది. మీకు ఆ మాత్రం శాతగాదా?"

ఈలలు ఆగాయి. ముందుగా వెనక్కి వచ్చింది ఎమ్మిగనూరు గోల్‌కీపరు. కళ్ళు తుడుచుకుంటూ వచ్చి సెంటర్ గీత దగ్గర నిలబడ్డాడు. అతని వెనక ఒకరూ ఇద్దరూ, తరువాత అందరూ. ఆదోని పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎదురు వరస కట్టారు. వంకరటింకరగా, తలలు వంచుకుని, చెయ్యి కలుపుతూ నడిచారు. చొక్కా చింపినవాడూ చిరిగినవాడూ ఎదురుపడినప్పుడు ఒక్క క్షణం ఆగారు. తరువాత కలిపారు. మా ఇంజనీరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గోడల మీదివాళ్ళూ కొట్టారు. మా అన్న కొట్టలేదు. అవ్వ చేతిలోంచి మైకు తీసుకుని, ఏదో ప్రకటించబోయి, మళ్ళీ ఆమెకే ఇచ్చేశాడు.

ఆ వారం చివర ఇంజనీరు వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు టోర్నమెంటుకు అవ్వ జ్వరంతో వెళ్ళలేకపోయింది. నేనూ వెళ్ళలేదు. ఫైనల్ అయిన మర్నాడు క్లాసులో ఒక అబ్బాయి చొక్కా కింద జెర్సీతో వచ్చాడు. ఎమ్మిగనూరు జట్టులో ఆడాడట. మ్యాచి ఎలా జరిగిందని అడిగాను. గెలిచామన్నాడు. గొడవేమీ కాలేదా అన్నాను.

"లేదు మేడం. ఆడ ఆట అయినంక వరసగా నిలబడి సేతులు కలపల్ల. అది ఆదోని రూలు. రెఫరీ ముందే సెప్పినాడు."

"ఆ రూలు ఎవరు పెట్టారో తెలుసా?"

తెలియదన్నాడు. మామూలుగా ఇంటి సంగతులు క్లాసులో చెప్పను. ఆ రోజు మాత్రం పుస్తకం మూసి మొదటి నుంచీ చెప్పాను. నల్ల కళ్ళద్దాలు, చాప మీద కూర్చున్న ఇంజనీరు, మైకు, అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు.

సాయంత్రం బస్సు దిగి నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళాను. జ్వరం తగ్గి, గోడకు ఆనుకుని గంజి తాగుతోంది. రూలు సంగతి చెప్పాను. రెఫరీ ముందే చెప్పాడన్న మాట రెండుసార్లు చెప్పించుకుంది.

"గెలిచినోళ్ళు ఎవరు?" అంది.

"ఎమ్మిగనూరు."

"మంచిదే," అంది అవ్వ. "పోయినసారి ఆ గోలు కాసే పిల్లోడు శానా ఏడ్చినాడు."