సెప్టెంబరు ఎండలో హీటర్

మా చిన్నప్పుడు... సెప్టెంబరు ఎండలో, దుబాయ్‌లో, మేము కారులో హీటర్ వేసుకుని తిరిగేవాళ్లం. నవ్వకండి, నిజంగానే!

ఆ ఊళ్లోనే సత్వా అనే పేటలో నాయనది లాండ్రీ పని. ఎవరో దేశం వదిలి వెళ్తూ అమ్మేసిన తెల్ల కారు ఒకటి మాకుండేది. ఊళ్లో బుద్ధిగానే తిరిగేది, ఎత్తు ఎక్కమంటే మాత్రం అలిగేది. వేడి చూపించే సూది ఎర్ర గీత వైపు జరగడం మొదలుపెట్టగానే నాయన ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ తిప్పేవాడు. ఇంజన్ వేడి కొంత కారులోకి వచ్చేస్తే దాని ప్రాణం కుదుటపడుతుందట. "దాని వేడి మనం పంచుకుంటేనే అది మనల్ని మోస్తాది" అనేవాడు. ఈ కారుకు చేసే సేవలో సగం నాకు చేసుంటేనా... అని అమ్మ చెంగుతో విసురుకుంటూ గొణిగేది.

ఆ రంజాన్‌కు... రెండువేల ఏడు అనుకుంటా... నా మొదటి ఒక్కపొద్దు. మా వాళ్లల్లో మొదటిసారి ఉపవాసం ఉన్న పిల్లలకు దండ వేసి, అయినవాళ్లు నోట్లో తీపి పెట్టి విడిపిస్తారు. నాకు పెట్టాల్సింది మా మామ, అమ్మకున్న ఒక్కగానొక్క తమ్ముడు. రాస్ అల్ ఖైమా కొండల్లో రాళ్ల క్వారీలో నీళ్ల ట్యాంకర్ తోలేవాడు. లారీలు తిరిగే మట్టిదారిని దుమ్ము లేవకుండా రోజంతా తడపడమే ఆయన పని.

మామ నేను పుట్టినప్పుడు రాలేదు, చెవులు కుట్టినప్పుడూ రాలేదు... పాపం, ఎప్పుడూ సెలవు దొరకలేదు. ఈసారి మాత్రం "నా చేత్తోనే ఇడిపిస్తా బిడ్డా" అని ఫోన్‌లో మాటిచ్చాడు. మామ పెడితేనే తింటానని నేనూ మాటిచ్చేశాను.

మధ్యాహ్నం బయలుదేరాం. నా పక్కన అమ్మ వండిన సేమ్యా గిన్నె, కాళ్ల దగ్గర రేడియేటర్ కోసం రెండు క్యాన్ల నీళ్లు, పొద్దు గూకాక మేము తాగడానికి ఒక సీసా. తారు రోడ్డు ఉన్నంతసేపు అంతా బాగానే ఉంది. కొండల్లోకి మట్టిదారి మొదలైందో లేదో సూది లేచింది. ఏసీ ఖలాస్... హీటర్ మొదలు.

బయట గాలి వేడి, లోపలి గాలి ఇంకా వేడి. ఆకలి ఎప్పుడో చచ్చిపోయింది, మిగిలింది దాహమే. సాయంత్రానికి కొండలు గులాబీ రంగుకు తిరిగాయి... కలలో లాగా అన్నీ మెల్లగా ఊగుతున్నట్టు కనిపించాయి.

ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగాం. నాయన కారు ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, బానెట్ ఎత్తి, పక్కన రాయి మీద ఓపిగ్గా కూర్చునేవాడు. వేడి మీద మూత తీస్తే నీళ్లు మొహాన చిమ్ముతాయి మరి. బాగా చల్లబడ్డాకే పోసేవాడు. కారు గుటగుటా తాగుతుంటే నేను చూస్తూ గుటకలు మింగేదాన్ని. దానికి ఒక్కపొద్దు లేదు కదా... ఎంత కుళ్లుకున్నానో!

రెండు క్యాన్లూ అయిపోయాయి. పొద్దు కొండ వెనక్కి జారుతోంది. ఇంకొక్క ఎత్తు ఎక్కితే మామ వాళ్ల క్యాంపు. నాయన మేము తాగే సీసా వైపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"పోసేదా పాపా? నువ్వు చెప్పు."

పిల్ల గొంతు తడుపుకోవడానికి చుక్క లేకుండా చేస్తావా అని అమ్మ అడ్డం పడింది. నా కళ్ల ముందు మామ చెయ్యే ఉంది. "పోసెయ్ నాయనా" అన్నాను. పోశాడు. కారు కదిలింది... సగం ఎత్తు ఎక్కి, ఆవిర్లు కక్కి, నిలబడిపోయింది.

ఫోన్‌కు సిగ్నల్ లేదు. కొండల అవతల ఏదో పల్లె నుంచి సన్నగా అజాన్ వినిపించింది. అమ్మ నా నోటి దగ్గర ఖర్జూరం పెట్టింది. నేను పెదాలు బిగించుకున్నాను. అమ్మ బతిమాలింది, కసిరింది... నేను తినకపోతే వాళ్లు మాత్రం ఎలా తింటారు? ముగ్గురం అలాగే కూర్చున్నాం. మామ ఈసారి కూడా లేకుండానే అయిపోతుందేమోనని నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు గాలిలో వచ్చింది... తడిసిన మట్టి వాసన. వాన ఊసే లేని ఆ కొండల్లో! ఆ వెంటనే పైనుంచి ఇంజన్ చప్పుడు. మలుపు తిరిగి, దారి మీద నీళ్లు చిమ్ముకుంటూ పెద్ద ట్యాంకర్ దిగి వచ్చింది. ఆ మసక వెలుతురులో జల్లంతా మెరుస్తోంది. మామ కిందికి దూకాడు. ఒక చేతిలో చల్లటి నీళ్ల ఫ్లాస్కు, ఇంకో చేతిలో ఖర్జూరాల పొట్లం... నా కోసం కట్టించిన బంతిపూల దండ చేతుల్లో పట్టక తన మెడలోనే వేసుకున్నాడు.

"చీకటి పడతా ఉన్నా మీరు రాకపోతిరి. ఆ బండి సంగతి నాకు తెలీదా అక్కా... ముదీర్‌కు, అదే మా మేనేజర్‌కు, చెప్పి ఎదురొచ్చినా" అన్నాడు.

దండ తీసి నా మెడలో వేశాడు. ఖర్జూరం నోట్లో పెట్టాడు. ఆ వేళ్లకు డీజిల్ వాసన... తర్వాత చల్లటి నీళ్లు. అంత తీయటి నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

కారు చల్లబడ్డాక ట్యాంకర్ నీళ్లతో మా రేడియేటర్ నింపి, బండి వెనక్కి తిప్పుకుని మామ ముందు, మేము వెనక. ట్యాంకర్ చిమ్మే జల్లు మా కారు ముక్కు మీద పడుతూనే ఉంది. కిటికీలోంచి చెయ్యి చాపితే వేళ్లన్నీ తడి... లోపల హీటర్, బయట వాన. క్యాంపు దీపాలు కనిపించేదాకా సూది మళ్లీ లేవలేదు.

ఇప్పుడు నా కారులో సూది ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది. రాస్ అల్ ఖైమాకు రోడ్డు అద్దంలా ఉంది. హీటర్ మీట ఎక్కడుందో కూడా నేనెప్పుడూ వెతకలేదు. ఎక్కడికైనా వెళ్లడం ఆలస్యమైతే, లొకేషన్ పంపు అంటారు... పంపుతాను. ఫోన్‌లో చుక్క కదులుతుంటే వాళ్లు ఇంట్లో కూర్చుని చూస్తారు.

మామ పోయి చాలా ఏళ్లయింది. నేను రాలేదని దారి తడుపుకుంటూ ఎదురొచ్చిన మనిషి ఆయనొక్కడే...

మీకూ అలా ఎదురొచ్చినవాళ్లు ఉంటే, వాళ్లను ఏమని పిలిచేవాళ్లో అలాగే ఇక్కడ ఒక్కసారి పిలవండి.