సుద్దగీతలు: నరసరావుపేట నుంచి ఎత్తిపోతలకు సైకిలు మీద

నరసరావుపేట స్టేషను రోడ్డులో మస్తాను సైకిలు కొట్టు ముందు ఆదివారం పొద్దున మా సభ జరుగుతుంది. సభ అంటే పెద్దగా ఏమీ లేదు. సైకిళ్ళున్న వాళ్ళం ఏడెనిమిది మందిమి చేరి, ఎవరి బండికి ఏం బిగించారో చూసుకుని, అది దండగని తేల్చి, మరుసటి వారం అదే కొనుక్కుని రావడం. స్వరాజ్యం వచ్చిన రెండో చలికాలంలో ఒక ఆదివారం, అక్కడికొచ్చిన ఒక వకీలు గుమాస్తా, "పల్నాట్లో చూడ్డానికేముంది, రాళ్ళు తప్ప?" అన్నాడు. అతను ఊటీ వెళ్ళొచ్చాడట. అంతకు ముందు వారం నా అరవై ఏళ్ళను ఎత్తిచూపి, సైకిలు మాని రైలెక్కమని సలహా చెప్పింది కూడా ఇతగాడే. రెండు మంటలూ కలిశాయి. ఎత్తిపోతల దాకా సైకిలు మీదే పోయి, చూసొచ్చి, రాతపూర్వకంగా జవాబిస్తానన్నాను. ఇదే ఆ జవాబు.

నాతో వస్తానన్నది యోహాను మాస్టారొక్కడే. మిషను బడిలో అయిదో తరగతి చెబుతాడు. ముప్ఫయ్యయిదేళ్ళుంటాయి. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. నూనెమిల్లులో బస్తాల మీద పేర్లు చూసి అక్షరాలు దిద్దుకున్నాను. నా వ్యాసాల్లో ఒత్తులు సరిచేసేది మాస్టారే. ఆయన సైకిలుకి కొత్త డైనమో దీపం ఉంది. నా సైకిలుకి వినుకొండలో కుట్టించిన గేదెతోలు సీటుంది. ఆయన కన్ను నా సీటు మీద, నా కన్ను ఆయన దీపం మీద. అందుకని పందెం వేసుకున్నాం. పోనూ రానూ ఎవరు ఎక్కువసార్లు సైకిలు దిగితే వాళ్ళు ఓడినట్టు. తిండికీ, నీళ్ళకీ, పంచరుకీ దిగితే లెక్కలోకి రాదు. దిగినప్పుడల్లా ఎవరి మడ్గార్డు మీద వాళ్ళు సుద్దతో గీత గీసుకోవాలి. సుద్దముక్కలు మాస్టారి జేబులో ఎప్పుడూ ఉంటాయి.

శుక్రవారం ఉదయం అయిదింటికి మస్తాను కొట్టు దగ్గర బయలుదేరాం. ఈ దారిన రాదలచిన వాళ్ళకు రెండు మాటలు. కంకర రోడ్డు మీద కాకుండా పక్కన బండి జాడలో తొక్కండి, మెత్తగా ఉంటుంది. కానీ జాడల్లో పల్లేరుకాయలుంటాయి. టైరు లోపల పాత టైరు ముక్క పరుచుకుంటే ముల్లు ట్యూబు దాకా రాదు. నేను పరిచాను. మాస్టారు పరచలేదు. రెండు మైళ్ళకే ఆయనకు పంచరు.

"చెప్పానా లేదా?" అన్నాను.

"చెప్పారు బాబాయిగారూ. కిందటి వారం ఇదే దండగన్నారు కూడా," అన్నాడు, పంపు కొడుతూ.

ఆరున్నరకు మొదటి ఊరు. ఊరి మొదట్లోనే మాస్టారు దిగి, నడిపించుకుంటూ వచ్చి, ఊరు దాటాక ఒక గీత గీసి మళ్ళీ ఎక్కాడు. రెండో ఊళ్ళోనూ అంతే.

"ఏంది మాస్టారూ, అప్పుడే కాళ్ళు పడిపోయినయ్యా?"

"కొంచెం పట్టేసినయ్యి బాబాయిగారూ."

మూడో ఊరి పేరు రాయను. ఆ ఊళ్ళో మా వియ్యంకుడున్నాడు. పెద్ద రైతు, మంచివాడు, పిల్లనిచ్చినవాణ్ణి కనక అంతకన్నా ఎక్కువ రాయకూడదు. ఆయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాను. మాస్టారిని పిలిస్తే, గొలుసు వదులైందని ఊరి బయటికి నడిచి వెళ్ళిపోయాడు. కొత్త గొలుసు. అది వదులెందుకవుతుందో ఆలోచించాల్సింది. దీపం నాదవుతున్నదన్న సంబరంలో ఆలోచించలేదు.

పిడుగురాళ్ళ పదింటికి చేరాం. సున్నపు బట్టీల పొగ మధ్య ఇడ్లీ తిన్నాం. చట్నీ కారం ఎంతంటే, తర్వాత మూడు మైళ్ళు సైకిలు దానంతటదే పోయింది. అక్కణ్ణుంచి దారి బాగుంటుంది. రెండు పక్కలా మిరపచేలు ఎర్రబడి, వాటి వెనక నాపరాళ్ళు పేర్చిన గోడలు. గురజాలలో పన్నెండున్నరకు జొన్నరొట్టె, గోంగూర. రెంటచింతల దాటాక ఎత్తులు మొదలయ్యాయి. అక్కడ రెండుసార్లు దిగాను. ఎండ, వయసు, గోంగూర, మూడూ కారణమే. మాస్టారు మాత్రం ఒక్క ఎత్తులోనూ దిగలేదు. పైకి పోయి, నన్ను చూసి, గంట కొట్టాడు.

సాయంత్రం నాలుగున్నరకు మాచర్ల. నాకు రెండు గీతలు, ఆయనకు ఏడు. సత్రంలో దిగుదామంటే, "మా పాస్టరుగారింట్లో పడుకుందాం, మంచాలుంటయ్యి," అన్నాడు. మంచాలున్నాయి. పాస్టరుగారి భార్య వేడినీళ్ళు కాచి ఇచ్చింది. నా మోకాళ్ళు ఆమెకు రుణపడి ఉన్నాయి.

మర్నాడు ఏడింటికి బయలుదేరి ఏడు మైళ్ళు తొక్కాం. చివర అడవిలో సైకిళ్ళు ఒక గొర్రెలాయనకు అప్పగించి నడిచాం. నీళ్ళ చప్పుడు ముందు వినిపిస్తుంది, తర్వాత గాలి చల్లబడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కాళ్ళ ముందు నేల ఆగిపోతుంది. కింద గుండంలోకి నీళ్ళు తెల్లగా పడుతున్నాయి. గుమాస్తాగారు చెప్పిన రాళ్ళు ఇక్కడా ఉన్నాయి, కాదనను. వాటి మీంచే నీళ్ళు దూకుతున్నాయి.

అక్కడ కూర్చుని అటుకులు తింటూ అడిగాను. "మాస్టారూ, నిన్నంతా చూశా. ఎత్తులో దిగవు, చదునుగా ఉన్న ఊళ్ళో దిగుతావు. ఏంది సంగతి?"

ఆయన అటుకుల పొట్లం కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"మీకు నిజంగా తెలవదా బాబాయిగారూ? మేం మాలపల్లె వాళ్ళం. ఆ వీధుల్లో సైకిలెక్కి పోనివ్వరు. మా తాతలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. నేను సైకిలు పట్టుకుని నడుస్తున్నా."

"మాస్టరువి. పాఠాలు చెప్పేవాడివి."

"అందుకే దిగితే పలకరిస్తారు. లేకపోతే అదీ ఉండదు."

నా జ్ఞాపకశక్తి గొప్పదని మస్తాను కొట్టు దగ్గర చెప్పుకుంటుంటాను. ఏ ఏడు ఏ వాగు పొంగిందో చెప్పగలను. చెప్పులు చేత్తో పట్టుకున్న మనుషుల్ని చిన్నప్పటి నుంచీ చూశాను. ఎందుకు పట్టుకున్నారని ఒక్కసారీ అడగలేదు. పైగా రోజంతా ఈ మనిషి గీతలు లెక్కపెట్టి ఆనందించాను.

"పందెం రద్దు," అన్నాను.

"అదేం కుదరదు. గీతలు గీతలే. దీపం మీదే," అన్నాడు మాస్టారు. ఆయన పట్టుదల నాకు తెలుసు. ఒత్తుల దగ్గర చూశాను.

ఆదివారం పాస్టరుగారు ప్రార్థన అయ్యాక భోజనం పెడితే గాని కదలనివ్వలేదు. మాచర్లలో మధ్యాహ్నం రైలుకి సైకిళ్ళు బ్రేకువ్యానులో వేయించి, మూడింటికి పిడుగురాళ్ళలో దిగాం. మీరూ ఇలాగే రండి, ఎత్తులు తప్పుతాయి. రైల్లో ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమ్మ, "ఈ వయసులో సైకిలు మీద ఏం కొంపలు మునిగినయ్యయ్యా?" అని అడిగింది. మునగలేదన్నాను. అప్పటికే ఏం చేయాలో ఆలోచించి పెట్టుకున్నాను.

దారిలో మొదటి ఊళ్ళో మాస్టారితో పాటు దిగి నడిచి గీత గీసుకున్నాను. రెండో దాంట్లోనూ అంతే. తర్వాత మా వియ్యంకుడి ఊరు. అక్కడ మాస్టారికి పదో గీత, నాకు అయిదోది. వీధి మొదట్లో దిగాను, నాలుగడుగులు నడిచాను, ఎక్కాను. రెండో ఇంటి ముందు దిగాను. గీత గీశాను. మళ్ళీ ఎక్కాను.

"వద్దు బాబాయిగారూ," అన్నాడు మాస్టారు. కానీ పెదవి కొరుక్కుంటున్నాడు.

మూడో అరుగు, నాలుగో అరుగు, అయిదో అరుగు, ఆరో అరుగు. నేను ఎక్కడమంటే అంత తేలికైన పని కాదు, పంచె ఎగ్గట్టి, రెండు గంతులేసి ఎక్కాలి. అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. మా వియ్యంకుడు గబగబా ఎదురొచ్చాడు.

"ఏంది బావగారూ, ఒంట్లో బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది. మీ ఊళ్ళో సైకిలు దిగే మర్యాదుందని నిన్ననే తెలిసింది. ఎన్నేళ్ళనుంచో తెలియక తొక్కుకుంటూ పోతున్నా. అన్నిటికీ కలిపి ఇవాళ దిగుతున్నా."

ఆయనకు అర్థమైంది. మాస్టారి వంక చూశాడు, అరుగుల వంక చూశాడు.

"మీకు కాదు బావగారూ ఆ కట్టుబాటు."

"మరి నా పక్కనున్న మనిషికెందుకు?" అని ఇంకోసారి ఎక్కి దిగాను.

"మీరు ఆపండి. పరువు పోతున్నది. ఆయన్ని ఎక్కిపొమ్మనండి, నేనేం అననులే."

"గట్టిగా చెప్పండి. అరుగులన్నిటికీ వినపడాలి."

ఆయన గట్టిగా చెప్పలేదు. మాస్టారూ ఎక్కలేదు. ఊరు దాటేదాకా నడిచి, అక్కడ సైకిలు చెట్టుకి ఆనించి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వయ్యాక, "ఎందుకెక్కలేదు?" అని అడిగాను.

"ఇవాళ మీరున్నారు. వచ్చే నెల మా అత్తగారి ఊరికి ఈ దారినే నేనొక్కణ్ణే పోవాలి. అప్పుడు నాకెవరు చెబుతారు, ఎక్కిపొమ్మని?"

మడ్గార్డు చూపించాను. పదకొండు గీతలు. ఆయన పదీ తన చేత్తో లెక్కపెట్టుకుని, నేను ఓడినట్టు ఒప్పుకున్నాడు. మిగిలిన రెండు ఊళ్ళలోనూ ఇద్దరం దిగి ఊరికి చెరో గీత కలుపుకున్నాం. చీకటి పడేలోపు పేట చేరాం. మస్తాను నా తోలు సీటు విప్పి మాస్టారి బండికి బిగించాడు. ఆయన స్ప్రింగు సీటు నాకొచ్చింది. ఒక స్ప్రింగు పైకి లేచి ఉంది. ఈ వ్యాసం అందుకే నిలబడి రాస్తున్నాను.

మా అమ్మాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మామగారు అలిగారని. అలగనీ.

గుమాస్తాగారికి జవాబు: పల్నాట్లో చూడాల్సింది చానా ఉంది. నాకే అరవై ఏళ్ళుగా కనపడలేదు.

తోటి సైకిలు వాళ్ళకు ఒక మనవి. దారిలో పదిమంది తోడుంటే దిగకుండా తొక్కుతానని మాస్టారు మాటిచ్చాడు. వచ్చే నెల రెండో శనివారం ఉదయం అయిదింటికి మస్తాను కొట్టు దగ్గర మాస్టారి అత్తగారి ఊరికి బయలుదేరుతున్నాం. ఇప్పటికి ఆరుగురమయ్యాం. టైరులో పాత ముక్క పరుచుకు రండి. గంట బాగా మోగేట్టు చూసుకోండి. సుద్దముక్కలు అక్కర్లేదు.