డాష్‌బోర్డులో దాచిన స్టీరియో

పక్క ఫ్లాటువాళ్లు సోఫా రిపేరు ఆదివారమే పెట్టుకుంటారు, మాకు తలనొప్పికి తీరిక దొరుకుతుందని కాబోలు. ఆ రెక్సిన్ జిగురు వాసన తగిలితే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తొంభైల చివర్లో, నా చిన్నప్పుడు, కూకట్‌పల్లిలో, దొంగల భయంతో నాన్న కారు స్టీరియోని డాష్‌బోర్డు లోపల బిగించి, పైన జిగురుతో రెక్సిన్ అంటించిన మూత పెట్టారు. ఆ రహస్యాన్ని కాలనీలో అందరినీ పిలిచి, పాట పెట్టి మరీ చూపించారు. వాచ్‌మన్ మల్లయ్య దగ్గరికి రాగానే మాత్రం మూత మూసేశారు. పాపం, మర్చిపోయారనుకున్నాను.

"నాన్నా, మల్లయ్య మామకి చూపించలేదు!" అంటూ నేనే మూత లాగాను.

"అబ్బే, దొంగల కాలం కదయ్యా..." అని నసిగారు నాన్న.

మల్లయ్య స్టీరియో వంక చూడనైనా లేదు.

"దొంగలను ఆపనీకి నన్ను పెట్టుకుంటిరి, మళ్ల నా దగ్గర్నే దాస్తున్రా సారూ?"