అత్తగారు రోడ్డు దాటించిన పిల్లలు

పోయిన వారం కంటి పరీక్షకు వెళ్తే, చీటీ మీద మా ఇంటిపేరు చూసిన డాక్టరమ్మ, బెంగుళూరు పీణ్య బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినావిడ మీకేమవుతారని అడిగింది. మా అత్తగారేనని చెప్పగానే లేచి నిలబడి, ఎనిమిదో తరగతికి తాను ఆమె వెనకాలే నడిచి వెళ్ళానంటూ నా చేయి పట్టుకుంది. చుక్కల మందు వేసి, గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చోమంది. ఆ గంటా నాకు అత్తగారే కనిపించారు.

తొంభైల్లో నేను కోడలిగా వచ్చి ఆవిడ బడిలోనే టీచరుగా చేరాను. చుట్టూ చిన్న ఫ్యాక్టరీలు. ఆ మిషన్ల మోత మధ్య ఎక్కాలు చెప్పీ చెప్పీ మా ఇద్దరికీ ఇంట్లోనూ గట్టిగా మాట్లాడడం అలవాటైపోయి, రేడియో వినపడడం లేదని మామగారు విసుక్కునేవారు. మా బడి ఏడో తరగతి వరకే. హైస్కూలేమో లారీలు తెరిపి లేకుండా తిరిగే పెద్ద రోడ్డుకు అవతల. అందుకని ఏడు పాసైన ఆడపిల్లలు ఇంట్లోనే ఉండిపోయి, ఏడాదో రెండేళ్ళో గడిచాక బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో చేరిపోయేవారు.

ఒక వేసవిలో అత్తగారు నన్ను వెంటబెట్టుకుని ఆ పిల్లల ఇళ్ళన్నీ తిరిగారు. క్లాసులో ఎప్పుడూ మొదట వచ్చే పిల్ల తండ్రి, లేత్ మిషను మీద పనిచేసే మనిషి, మాకు కాఫీ ఇప్పించి తల వంచుకుని చెప్పాడు.

"స్కూలు రోడ్డుకి ఆ పక్క ఉండాది టీచరమ్మా. నేనూ నా పెండ్లామూ పొద్దున్నే పనికి పోవల్ల. బిడ్డను ఎవురు దాటించేది?"

"నేను దాటిస్తానప్పా, దినామూ. నేను రాని దినము పంపొద్దు" అన్నారు అత్తగారు.

ఏదో ఊపులో అన్నారనుకున్నాను. జూన్‌లో బడులు తెరిచిన రోజే గొడుగు పట్టుకుని నలుగురు పిల్లలతో బయలుదేరారు. రోడ్డు దగ్గర ఆ గొడుగు అడ్డంగా చాపి లారీలను ఆపి, పిల్లల్ని అటు చేర్చి, మా బడి గంట కొట్టేలోపల తిరిగొచ్చేవారు. సాయంత్రం మళ్ళీ అదే పని. రెండో ఏటికి నలుగురు పదకొండు మందయ్యారు.

ఆ వానాకాలంలో ఆవిడ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. నాకా నెలలు నిండాయి, కదలలేను. రెండు రోజులు పిల్లలు ఇళ్ళల్లోనే ఉండిపోయారు. తాను రాని రోజు పంపొద్దని అన్నది తానే కదా అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే. మూడో రోజు పొద్దున ఆ లేత్ పనాయన మా గుమ్మంలో నిలబడ్డాడు. వెనక వీధిలో పదకొండు మందీ ఉన్నారు. తల్లిదండ్రులంతా వంతులు వేసుకున్నారట, ఆలస్యంగా రావడానికి పనిచేసే చోట్ల ఒప్పించుకున్నారట.

"మీరు లేసేదాకా మేము దాటిస్తాము టీచరమ్మా. మీకు చెప్పి పోతామన్నారు బిడ్డలు, పిలుచుకొచ్చినాను" అన్నాడు.

ఆవిడ లేచి తిరిగాక కూడా ఆ వంతులు ఆగలేదు. ఆ తల్లులనే కూడగట్టుకుని అత్తగారు విద్యాశాఖ ఆఫీసు మెట్లు ఎన్నేళ్ళు ఎక్కి దిగారో! మా బడికి ఎనిమిదో తరగతి మంజూరయ్యేసరికి రెండువేల సంవత్సరం దాటింది, ఆవిడ రిటైరయ్యారు కూడా. కొత్త గది తెరవమని పిలిస్తే, తాళంచెవి ఆ తల్లుల్లో ఒకావిడ చేతికిచ్చి తాను వెనక వరసలో కూర్చున్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ తలమీదుగా మెట్రో పోతోంది. ఆడపిల్ల హైస్కూలుకు వెళ్ళడం ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకునే సంగతే కాదు. ఆ మాట తలుచుకుంటే కడుపు నిండినట్టుంటుంది. కానీ, చదివే మీలో నా ఈడు వాళ్ళుంటారు కాబట్టి చెప్పుకుంటున్నాను, మా అపార్టుమెంటు గేటు దగ్గర రోజూ వ్యాను కోసం నిలబడే పిల్లల్లో ఒక్కరి పేరూ నాకు తెలియదు. అత్తగారైతే ఈపాటికి వాళ్ళ లెక్కల మార్కులు కూడా అడిగి ఉండేవారు. రేపు పొద్దున కిందికి దిగినప్పుడు నేను పేర్లతోనైనా మొదలుపెట్టాలి.